తొమ్మిది మెట్లు

కార్ఖానా అనే పేటలోని ఒక బడిలో ముప్ఫై నాలుగేళ్ళు భూగోళం బోధించి పదవీ విరమణ చేసిన షాగుఫ్తాకు అజ్ఞానం మీద కోపం లేదు. ధీమాగా మాట్లాడే అజ్ఞానం మీదనే కోపం. ఈసారి ఆ ధీమా పాత సహోపాధ్యాయుడు విజయేందర్ రూపంలో వచ్చింది.

బాపట్ల వైపు సముద్రపు ఒడ్డున ఆ బడి పాత ఉపాధ్యాయులంతా కలిసి కట్టుకున్న చిన్న విడిది ఉంది. అక్టోబరు తుఫాను దాని ముందరి ఇసుకను కోసుకుపోయింది. ఎప్పుడూ మూడు మెట్లే కనిపించే చోట తొమ్మిది బయటపడ్డాయి. మిగిలిన ఇసుకదిబ్బను చదును చేసి, బండలు పేర్పించాలని విజయేందర్ తీర్మానించాడు. రాళ్ళ నడుమ పుట్టి పెరిగినవాళ్ళకు ప్రతి రోగానికీ రాయే మందు.

"సముద్రం గుంజుకపోయింది మళ్ల తెచ్చిస్తదా మేడం?" అని అడిగాడు, వద్దన్న షాగుఫ్తాను.

"ఇస్తుంది. ఆ ఇసుక ఎక్కడికీ పోలేదు, ఒడ్డుకు కాస్త దూరంలో నీళ్ళకింద గట్టులా ఉంది. నెమ్మది అలలు దాన్ని తెచ్చి పోస్తాయి, గాలి దిబ్బకు చేరుస్తుంది. బండలు పేరిస్తే అలలు వాటికి కొట్టుకొని ఉన్న ఇసుకను కూడా తవ్వుకుపోతాయి. ఏప్రిల్ దాకా ఆగండి."

ఆగారు. నెలకొక ఆదివారం మల్కాజ్‌గిరిలో, సంగీతం టీచరుగా చేసిన మేబెల్ ఇంట్లో చేరి, విడిది కాపలాదారు సామ్యూల్‌కు వీడియో కాల్ చేసి మెట్లు లెక్కపెట్టేవారు. జనవరిలో తొమ్మిది. ఫిబ్రవరిలో తొమ్మిది. మార్చిలోనూ అంతే.

ఏప్రిల్‌లోనూ తొమ్మిదే.

"లారీలకు చెప్తున్న. రేపే పని షురూ," అన్నాడు విజయేందర్. "మేడం, సముద్రం మీ పాఠం సరిగ్గ చదవలే."

షాగుఫ్తా ఫోను తెర మీదికి వంగింది. మెట్ల మీద పక్కనుంచి నీడ పడుతోంది. అక్కడ నీడనిచ్చే గోడేదీ లేదు.

"సామ్యూల్, ఫోను పక్కకు తిప్పు."

తిప్పాడు. మెట్లకు రెండు వైపులా నడుమెత్తున ఇసుక! దాని మీద ఊదాపూల తీగ పాకుతోంది. మెట్లు మాత్రం కందకంలో ఉన్నట్టు తళతళలాడుతున్నాయి.

"ఇదేమిటి?"

"ఇసకండి. ఆగకుండా వచ్చి పడతంది. మీరంతా మెట్లే చూస్తన్నారు గదా అని, మీ ఫోను వచ్చే ముందర రెండ్రోజులు పారతో ఎత్తి, చీపురుతో ఊడ్చి పెడతన్నానండి. నడుం పడిపోయిందమ్మగారూ!"

ఇల్లంతా ఘొల్లుమంది. "సముద్రానికి సరిజోడు దొరికాడే!" అంది మేబెల్, కళ్ళు తుడుచుకుంటూ. విజయేందర్ గోడవైపు తిరిగి ఫోనులో గొణిగాడు: "అన్నా, బండలొద్దు... ఎందుకంటే ఏం చెప్పాలె? సముద్రమే తెచ్చిచ్చింది బై!"

"సామ్యూల్, ఇక ఆ పార ముట్టుకోకు," అన్నది షాగుఫ్తా.

"మెట్లు పూడిపోతే మీరెట్టా దిగుతారండీ?"

"జారుకుంటూ," అన్నది అరవై ఎనిమిదేళ్ళ షాగుఫ్తా.