దారం తియ్యని మిషను

ఆ కుట్టు దుకాణంలో ఒక పద్ధతి ఉండేది. ఇంటికి వెళ్ళేముందు సూదిలోంచి దారం తీసేయాలి. దారం తీశారంటే ఆ రోజుకు పని అయిపోయినట్టే. ఎంత తొందర బట్టలైనా ఇక మర్నాటికే. ఆ పద్ధతి పెట్టింది పెద్ద మాస్టరు. ఒక్కరోజు కూడా పాటించనిదీ ఆయనే. "ఇదిగో, అయిపోవచ్చింది" అంటూనే ముప్పై ఏళ్ళు కుట్టాడు. ఒక మధ్యాహ్నం ఆ మాట అంటూనే మిషను మీద తల వాల్చేశాడు. సూదిలో దారం సూదిలోనే ఉంది.

ఇప్పుడు దుకాణం ఆయన శిష్యుడిది. గురువు దగ్గర కుట్టుతో పాటు ఆ మాట కూడా నేర్చుకున్నాడు, అదే వచ్చిన తంటా. పోయిన నెల భార్య తేల్చి చెప్పేసింది.

"ఆరింటికల్లా ఇంట్లో ఉంటే సరే. లేదంటే పాపను తీసుకుని మా అక్క దగ్గరికి పోతాను. దానికి ఎనిమిదేళ్ళొచ్చాయి. నీ వీపు తప్ప మొహం ఎరగదు."

దెబ్బకు దారికొచ్చాడు. వాళ్ళిద్దరూ లేని ఇల్లు తలుచుకోలేకపోయాడు. రోజూ వేళకు దారం లాగేసి, తాళం వేసి, బుద్ధిమంతుడిలా ఇల్లు చేరుతున్నాడు.

కానీ పొద్దున తలుపు తీసేసరికి, ఎవరూ ముట్టని పెద్ద మాస్టరు మిషనుకు తెల్లదారం ఎక్కించి ఉంటోంది. తీసి పారేస్తాడు. మర్నాడు మళ్ళీ అంతే. తాళంచెవి ఉన్నది తనొక్కడి దగ్గరే. ఎవరికైనా చెబితే నవ్వుతారు. నవ్వకపోతే మరీ భయం. చచ్చి కూడా పని వదల్లేదా ఈ మనిషి అని గురువు మీద జాలిపడ్డాడు.

ఆ శనివారం నాన్నను వెంటబెట్టుకుపోదామని పాపే దుకాణానికొచ్చి గుమ్మంలో నిలబడింది. అతను తన మిషను దారం తీశాడు, గుడ్డముక్కలు ఊడ్చాడు, తాళంకప్ప చేతిలోకి తీసుకున్నాడు.

"పద తల్లీ."

పాప కదల్లేదు.

"నాన్నా, ఆ మిషనుకెందుకు దారం ఎక్కించావు?"

"ఏ మిషనుకి?"

"అదిగో, మూలదానికి. ఇప్పుడేగా! కొస నోట్లో తడిపి మరీ ఎక్కించావు. ముసలాయన గొంతుతో 'ఇదిగో, అయిపోవచ్చింది' అన్నావు కూడా."

నవ్వబోయాడు. నాలుక మీద నూలుపోగు తగిలింది.

దెయ్యమైనా బాగుండేదనిపించింది. దెయ్యమైతే దుకాణంలోనే పడి ఉండేది. ఇది రోజూ తనతోనే ఇంటికొస్తోంది.

ఆ మిషను సూదే ఊడదీసి డబ్బాలో పడేశాడు. ఆరుకు ఇంకా రెండు నిమిషాలుండగా ఇల్లు చేరారు. భార్య గడియారం చూసింది, సంతోషంగా టీ కలిపింది. ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు.

"ఏమిటా చప్పుడు?" అంది భార్య.

పాప వంగి బల్ల కిందికి చూసింది. అక్కడ లేని మిషనును నాన్న కుడికాలు టకటకా తొక్కుతోంది. పాప కుర్చీ అంచుకు జరిగి, తన పాదాలు రెండూ ఆ పాదం మీద పెట్టి గట్టిగా నొక్కింది.

"ఆపు నాన్నా."

"ఇదిగో..."

మిగతా మాట నోటిదాకా వచ్చింది. పళ్ళు బిగించి దాన్ని లోపలే ఆపుకున్నాడు. పాప మొహంలోకే చూస్తూ కూర్చున్నాడు. బల్ల కింద పాప పాదాలు ఇంకా లేచి పడుతూనే ఉన్నాయి.