నేను వేలాడితే ఆమె లేనట్టే

నేను ఒక తాళాన్ని. ఇత్తడి ఒళ్లు, ఇనుప కొక్కెం. జనం కప్ప అంటారు గానీ జన్మలో ఒక్కసారి దూకిన పాపాన పోలేదు. వేలాడటమే నా ఉద్యోగం. ఎండకు వేలాడాను, వానకు వేలాడాను, ఎవరూ పాపం అనలేదు. అనక్కర్లేదు లెండి, అలవాటైపోయింది.

పుట్టింది అలీగఢ్‌లో, ఓ ఇరుకు గల్లీలో. నన్ను ఆకురాయితో రుద్ది నునుపు చేసినవాడి ఇంటికి తలుపే లేదని, గోనెపట్టా వేలాడదీసుకున్నాడని తోటి తాళాలు చెప్పుకొనేవి. మనుషుల వ్యవహారం ఎలా ఉంటుందో నాకు అక్కడే కొంత అర్థమైంది.

హైదరాబాదు వచ్చాక బేగంబజారులో ఒక పప్పుల కొట్టు షట్టరుకు కాపలా కాశాను. ఆ సేటు నన్ను వేసి ఒకసారి లాగేవాడు, నాలుగడుగులు పోయి మళ్లీ వచ్చి లాగేవాడు. అంత నమ్మకం లేనివాడు తాళం ఎందుకు కొన్నట్టు? చివరికి రెండో తాళంచెవితో దర్జాగా తెరిచి కొట్టు ఊడ్చుకుపోయింది అతని సొంత బావమరిదే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేనెంత? కోపమంతా నా మీద చూపించి పాత ఇనుములోకి విసిరేశాడు. అలా తిరిగి తిరిగి, మిగిలిన ఒకే ఒక్క చెవితో జుమ్మేరాత్ బజారులో పరిచిన పట్టా మీదికి చేరాను.

అక్కడ నన్ను కొన్నది అలివేలు.

నాగర్‌కర్నూల్ వైపు మనిషి. నలభైకి దగ్గర పడ్డ వయసు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, వెనకాముందు ఎవరూ లేరు. ఏజెన్సీవాళ్లు పంపితే ఒక పెద్ద అపార్ట్‌మెంటులో మంచాన పడ్డ ముసలావిడను రాత్రంతా కనిపెట్టుకొని ఉండే పని. ఆవిడ దగ్గితే లేపి కూర్చోబెట్టాలి, పక్క తడిస్తే మార్చాలి. తెల్లవారాక బస్సెక్కి బోరబండ బస్తీలోని తన గదికి వచ్చేది. జీతం బస్సుకు, బియ్యానికి, కిరాయికి సరి. గది అంటే ఒక తలుపు, తలుపు పక్కనే చువ్వల కిటికీ, అంతే. నీళ్ల నల్లా, మరుగుదొడ్డి బయట, వరుసలో ఉన్న గదులన్నిటికీ కలిపి.

పగలు నిద్రపోయే ఆడదాన్ని ఈ లోకం నిద్రపోనివ్వదు. పైగదిలో సారయ్య అని ఒకడుండేవాడు. మొదట వచ్చి అగ్గిపెట్టె అడిగాడు. మర్నాడు మంచినీళ్లు అడిగాడు. ఆ మర్నాడు తలుపు మీద చెయ్యి ఆనించి, "ఒక్కదానివే ఉంటవ్ గదా అక్కా, భయం గాదా?" అన్నాడు. అక్కా అని నోటితో అంటూనే లోపలికి తొంగిచూశాడు వెధవ! నాకు కాళ్లుంటే ఎగిరి నెత్తి మీద పడేదాన్ని.

ఆరోజు అలివేలు ఒక ఉపాయం పన్నింది. లోపలికి పోయి తలుపు మూసుకొని, కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటకు చాపి, గడియ పెట్టి, నన్ను బయటే వేసింది. కిటికీ రెక్క దగ్గరికి లాగి, చాప మీద పడుకొని, "నువ్వు ఏలాడితే నేను లేనట్టే. జర నిలబడు తల్లీ" అంది. తాళంచెవి మెడలో దారానికి కట్టుకుంది.

నాకు నచ్చలేదు. మనిషి లేని ఇంటిని కాయడం మా కులవృత్తి. మనిషిని లోపల పెట్టుకొని లేదని చెప్పడం మా వంశంలో లేదు. కానీ ఏం చేస్తాను? సారయ్య వచ్చాడు, నన్ను చూశాడు, మెట్లెక్కి పోయాడు. అలివేలు ఆ పగలు ఒళ్లెరగక నిద్రపోయింది. ఆ గురక విని నాకూ ఎందుకో గర్వంగానే అనిపించింది.

ఇక రోజూ అదే వరస. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎదురుగదిలో ఆకుకూరలమ్మే లచ్చవ్వకు కూడా చెప్పలేదు. ఆవిడ ఎంతో మంచిది, కానీ నోరు ఆగదు. పగలు మాటిమాటికీ బయటికి రావలసి వస్తుందని అలివేలు నీళ్లు తాగడం కూడా తగ్గించింది. పట్నంలో బతకడానికి దాహం కూడా చంపుకోవాలని నాకు ఈమెను చూశాకే తెలిసింది.

వానాకాలంలో ఒక పొద్దున వణుకుతూ వచ్చింది. నన్ను వేసిన చెయ్యి కాలిపోతోంది. లోపల పడిపోయినట్టే పడుకుంది. సాయంత్రం డ్యూటీ వేళ దాటినా లేవలేదు. ఫోను మోగి మోగి, చార్జింగు అయిపోయి ఊరుకుంది. ఆ వానకు బస్తీలో కరెంటూ లేదు.

మర్నాడు లచ్చవ్వ నల్లా దగ్గర బిందె పెట్టి ఉండగా లోపలి నుంచి "అవ్వా..." అని సన్నగా మూలుగు వినిపించింది. లచ్చవ్వ తిరిగి చూసింది. నన్ను చూసింది. "తాళమేసిన ఇంట్ల మనిషెట్ల ఉంటది? ఏడనో ముసల్ది మూల్గుతున్నట్టుంది" అనుకొని బిందె ఎత్తుకుంది. ఓసి తల్లీ, ఒక్కసారి దగ్గరికి రావే అని ఎంత గింజుకున్నానో! ఇనుము గింజుకుంటే ఎవరికి తెలుస్తుంది?

మధ్యాహ్నం కిటికీ రెక్క తెరుచుకుంది. ముందు వేళ్లు వచ్చాయి, తర్వాత చెయ్యి, చేతిలో తాళంచెవి. తడుముకుంటూ నన్ను పట్టుకుంది. చెవి నా నోటికి తగిలింది కూడా. ఇంకొంచెం, ఇంకొంచెం అనుకుంటుండగానే వేళ్లు పట్టు తప్పాయి. చెవి గడప ముందు బండ మీద పడింది. చెయ్యి కాసేపు గాలిలో అలాగే ఉండి, లోపలికి జారిపోయింది. గాలికి కిటికీ రెక్క మూసుకుంది.

సాయంత్రం కూరల గంప దించుకుంటూ లచ్చవ్వ ఆ చెవిని చూసింది. "అయ్యో, పొల్ల పరాకుల పారేసుకొని పోయింది. పొద్దుగాల వచ్చి ఎంత పరేషానయితదో" అని కొంగున ముడేసుకుంది. తెరిచి చూడలేదు. ఎందుకు చూస్తుంది? ఆ బస్తీలో ఒకరు లేనప్పుడు ఇంకొకరి తాళం తీయరు. లోపల ఒక చెంచా కనబడకపోయినా మాట పడాలి. బీదవాళ్లకు మిగిలిన ఆస్తి ఆ మర్యాద ఒక్కటే. ఆ మర్యాద కాపాడుకొని లచ్చవ్వ వెళ్లి పొయ్యి ముట్టించింది. నాకు మాత్రం ఆ మర్యాదను నిలువునా చీల్చెయ్యాలనిపించింది.

అలివేలు మళ్లీ పిలవలేదు.

తర్వాతి రోజు పొద్దున ఏజెన్సీ మనిషి స్కూటరు మీద వచ్చాడు. "అలివేలు ఊరెళ్లిందా? చెప్పకుండా మానేస్తే ఎట్లా? అక్కడ పేషెంటు దగ్గర ఎవరూ లేరు" అని విసుక్కున్నాడు.

"డ్యూటీకి రాలేదా?" అంది లచ్చవ్వ. "మరి తాళమున్నది గదా సారూ..."

అంటూనే ఆవిడ చెయ్యి కొంగు ముడి మీదికి పోయింది. "రాత్రంత నా దగ్గర్నే ఉన్నది తాళంచెవి. చెవి లేకుంటే పొల్ల నా కాడికి రావాలె గదా! మరి పొల్ల ఏడుంది?" అంటూ ముడిని పళ్లతో లాగి విప్పింది.

నన్ను పగలగొట్టే పని ఎవరికీ పడలేదు. చెవి తిప్పగానే తెరుచుకున్నాను. అలివేలు కిటికీ కిందే గోడకు చేరగిలబడి ఉంది. ఎప్పుడో చల్లబడిపోయింది. లచ్చవ్వ ఒళ్లోకి తీసుకొని, "నా కొంగుల పెట్టుకొని తిరిగితినే బిడ్డా, నీ పానం నా కొంగుల పెట్టుకొని తిరిగితినే!" అని గుండెలు బాదుకుంది. సారయ్య మెట్ల మీద నిలబడి, "లోపల్నే ఉందా? ఇన్ని దినాలు లోపల్నే ఉన్నదా?" అని అడుగుతూనే ఉన్నాడు.

గది ఇప్పుడు ఖాళీ. చావు జరిగిన గదిలోకి ఎవరూ రావడం లేదు. ఇంటి యజమాని నన్నే తలుపుకు వేసి పోయాడు. ఇప్పుడు నేను నిజమే చెబుతున్నాను, లోపల ఎవరూ లేరు. ఆ నిజం లచ్చవ్వ నమ్మదు. కూరలకు పోయేముందు గంప దించి, నన్ను పక్కకు జరిపి, తలుపు తట్టి, చెవి ఆనించి వింటుంది.

"బిడ్డా, ఉన్నవా?" అంటుంది.