అడిగి కొన్న సగం ఇల్లు

బేరాలక్కతో బేరానికి దిగి గెలిచినవాడు ఇంకా పుట్టలేదు. పుట్టబోయేవాడెవడైనా ఉంటే వాడు కూడా కడుపులో ఉండగానే ఒకటికి రెండుసార్లు ఆలోచించుకుంటాడు. పాడుబడ్డ ఇళ్ళు చవగ్గా కొని, బాగుచేయించి, లాభానికి అమ్మడం ఆవిడ పని. అలా రెండుసార్లు నెగ్గింది. మూడోసారి చేసిన నిర్వాకం వింటే మాత్రం, ఇదేం బుద్ధమ్మా తల్లీ అని మీరూ అంటారు.

వీధి మలుపులో ఒక పాత మేడ. కింద పెద్ద హాలు, పైన మూడు గదులు. హాలు దుకాణానికి అద్దెకిచ్చి పైన తాము కాపురముంటే ఇక జన్మలో దిగులుండదని లెక్కేసుకుంది. ఆ ఆశతో, ఉన్న ఒక్క ఫ్లాటూ అమ్మేసి ఆ డబ్బంతా అడ్వాన్సుగా పోసింది, మిగతాదానికి బ్యాంకు అప్పు మాట్లాడుకుంది. నెలాఖరులోగా రిజిస్ట్రేషన్ చేయించుకోకపోతే అడ్వాన్సు తిరిగిరాదని ఒప్పందంలో రాసి ఉంది. "ఎందుకు చేయించుకోం?" అని సంతకం గీకేసింది. ముందే లాయరమ్మకు చూపించాల్సింది. చూపించేదే, కానీ ఫీజు దగ్గర బేరం తెగలేదు. అది తెగేసరికి అడ్వాన్సు చేతులు మారిపోయింది.

ఆవిడ భర్త ఒక పెద్ద ఆఫీసులో లిఫ్టు నడిపి రిటైరైన మనిషి. ముప్పయ్యేళ్ళు జనాన్ని పైకీ కిందికీ తిప్పాడు గానీ, భార్య మాటకు ఎదురెళ్ళింది ఒక్కనాడూ లేదు. ఇప్పుడు ఒక అద్దె గదిలో, విప్పని మూటల మధ్య కాళ్ళు ముడుచుకుని పడుకుంటున్నాడు పాపం.

లాయరమ్మ కాగితాలన్నీ తిరగేసింది. మేడ అమ్ముతున్నది టైర్ల దుకాణం ఆయన, అందరూ టైర్లాయన అంటారు. ఇల్లు ఆయన తండ్రి పేరు మీదే ఉంది. తండ్రి పోయాక పన్ను మాత్రం ఈయన కడుతున్నాడు.

"పన్ను కట్టినంత మాత్రాన ఇల్లు సొంతమైపోదమ్మా," అంది లాయరమ్మ. "తండ్రి వీలునామా రాశాడా?"

"రాయలేదట. ఈయనొక్కడే కొడుకట."

"కొడుకు ఒక్కడే, సరే. కూతుళ్ళున్నారా?"

 ఆ ప్రశ్న బేరాలక్కకు తట్టనే లేదు.

"పోనీ, మేడ మీద ఎవరైనా ఉంటున్నారా?"

"వెనక గదిలో ఎవరో కుట్టుపని చేసుకునే ఆవిడ. అద్దెకుంటోందట, చెప్పగానే ఖాళీ చేస్తుందట."

"అని ఎవరన్నారు?"

"టైర్లాయన."

"ఆవిడను అడిగారా?"

లేదు. గోడలు కొట్టి చూసింది, కుళాయిలు తిప్పి చూసింది, డాబా మీద నీళ్ళు పోసి ఎటు పారుతున్నాయో కూడా చూసింది. లోపలున్న మనిషిని మాత్రం పలకరించలేదు.

"కొనే ఇంట్లో ఎవరుంటే వాళ్ళను అడగడం మొదటి పాఠం," అంది లాయరమ్మ. "రేపు ఆవిడకేదో హక్కుందని తేలితే, నాకు తెలీదంటే కోర్టు వినదు. తలుపు కొట్టి అడగాల్సింది కదా అంటుంది. వెళ్ళి అడగండి."

మర్నాడే బేరాలక్క మొగుడి ప్యాంటొకటి చంకన పెట్టుకుని, వెనకవైపు ఇనప మెట్లెక్కింది. ముందు గుమ్మం నిండా టైర్లు పేర్చి ఉన్నాయి, అటునుంచి చీమ కూడా దూరదు. గదిలో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద వంగి ఒకావిడ. జుట్టు సగం నెరిసింది. ప్యాంటు కొలిచి, అంచు మడతకు ఎంతవుతుందో చెప్పింది.

"అందులో సగమిస్తా," అంది బేరాలక్క అలవాటు చొప్పున.

"సరేనండి," అంది మిషనావిడ.

బేరాలక్కకు ఒళ్ళు మండింది. సగమంటే ముప్పాతిక దగ్గర తెగాలి. మధ్యలో ఒక దెప్పు, ఒక నిట్టూర్పు, లేచి రెండడుగులు వెళ్ళి మళ్ళీ తిరిగిరావడం ఉండాలి. ఇవేమీ లేకుండా ఒప్పుకునే మనిషిని చూస్తే ఆవిడకు చెడ్డ భయం.

"ఎన్నాళ్ళ నుంచి అద్దెకుంటున్నారమ్మా ఇక్కడ?"

"అద్దేమిటండీ! నేను పుట్టింది ఈ గదిలోనే. టైర్ల దుకాణం మా తమ్ముడిదేగా. అమ్మానాన్నలు పోయాక మిగిలింది మేమిద్దరమే."

 ఏ మెట్టు మీద కాలు వేసిందో తెలియకుండానే బేరాలక్క కిందికి దిగింది. ప్యాంటు అక్కడే మరిచిపోయింది.

"అయితే సగం ఇల్లు ఆవిడదే," అంది లాయరమ్మ. "ఇద్దరూ సంతకం పెడితేనే ఇల్లంతా మీకొస్తుంది. ఆవిడ తెలిసి తన వాటా వదులుకుంటే పేచీ లేదు. మోసం చేసి పెట్టించుకుంటే మాత్రం ఆ సంతకం కోర్టులో నిలవదు. అయితే ఆవిడ కోర్టుకెళ్ళాలి కదా."

వెళ్ళదు. సగానికి సరేనన్న మనిషి ఏ కోర్టుకెళ్తుంది?

టైర్లాయన్ని నిలదీస్తే తడుముకోలేదు సరికదా నవ్వాడు. "మా అక్క నోట్లో నాలుక లేని మనిషి మేడమ్. నా మాట కాదనదు. రేపు మీరూ రండి, మీ ముందే పెట్టిస్తాను."

ఆ సాయంత్రం బేరాలక్క కూర తరుగుతూ మొగుడికి అంతా చెప్పింది. "నేనేమీ అబద్ధమాడటం లేదు కదండీ. ఊరికే కూర్చుంటాను. అంతే."

ఆయన మూట మీద కూర్చుని మోకాళ్ళు రాసుకున్నాడు. "నువ్వెలా అంటే అలాగే. కానీ ఒకటే, ఆ పై గదిలో ఉండగలవా అని. పక్కనుంచి మిషను చప్పుడు ఆగిపోయాక."

"మీరు ముప్పయ్యేళ్ళూ ఊరుకుని ఇప్పుడే మాట్లాడాలా!" అని కసిరింది. కసిరింది గానీ, తరిగిన ముక్కల్నే మళ్ళీ తరిగింది.

మర్నాడు టైర్లాయన కాగితం తెచ్చి మిషను మీద పరిచాడు. "అక్కా, నీళ్ళ కనెక్షన్ మార్పిస్తున్నారు. ఇక్కడో సంతకం పెట్టు." మిషనావిడ సూది పక్కన పెట్టి, కళ్ళజోడు సర్దుకుని, కాగితం మీద చూపు పారించింది. తర్వాత పెన్ను తీసుకుంది.

బేరాలక్క కుర్చీ అంచు పట్టుకుంది. కాసేపు నోరు కట్టుకుంటే చాలు. మేడ తనదవుతుంది, మొగుడు కాళ్ళు చాపుకుని పడుకుంటాడు. నోరు తెరిస్తే నెలాఖరుకు ఫ్లాటూ పోయె, మేడా పోయె, ఇద్దరూ వీధిన పడాలి. జీవితంలో ఎన్నో బేరాలు చేసింది, ఎందరినో ఏడిపించింది. కానీ తనేం అమ్ముతోందో తెలియని మనిషి దగ్గర కొనడం బేరమెలా అవుతుంది? అది దొంగతనమే.

"ఆగమ్మా! అది నీళ్ళ కాగితం కాదు. నీ సగం ఇల్లు వదులుకుంటున్నట్టు రాసుంది!"

టైర్లాయన మొహం మాడిపోయింది. మిషనావిడ మాత్రం పెన్ను చేతిలో అలాగే ఉంచుకుని, "తెలుసండీ, నాకు చదువొచ్చుగా," అంది.

"తెలిసీ పెడుతున్నావా?"

"దుకాణం నష్టాల్లో ఉందని తెలుసు. వీడు రాత్రుళ్ళు నిద్రపోవడం లేదనీ తెలుసు. అక్కా, కష్టంగా ఉంది, నీ వాటా కూడా ఇవ్వమంటే ఎప్పుడో ఇచ్చేదాన్ని." తమ్ముడి వైపు తిరిగింది. "అడగందే అమ్మయినా పెట్టదంటార్రా. నేను అడక్కుండానే పెడదామనుకున్నాను. కానీ నీళ్ళ కనెక్షనన్నావు చూడు, దానికి నా కడుపు రగిలిపోయింది. నేనంత పరాయిదాన్నయ్యానా నీకు?"

టైర్లాయన తల వంచుకున్నాడు. అంతలావు మనిషీ ఏ మూల దాక్కోవాలో తెలియక, బట్టల బుట్ట పక్కన చతికిలబడ్డాడు.

బేరాలక్క మెదడు మాత్రం ఆగే రకం కాదు. కుర్చీ ముందుకు లాక్కుంది. "ఇటు వినండి ఇద్దరూ. నేను ఇల్లంతా కొనను. టైర్లాయనా, నీ సగమే కొంటాను. నేనిచ్చిన అడ్వాన్సు ఆ సగంలో చెల్లు. మిగిలింది రిజిస్ట్రేషన్ నాడే ఇస్తాను, అప్పులు తీర్చుకో. అమ్మా, నీ సగం నీదే. ఇల్లు బాగుచేయించే ఖర్చు నాది. హాలు అద్దె చెరిసగం. కానీ ఆ ఖర్చు తీరేదాకా అద్దెలో మూడు పాళ్ళు నాకు, ఒక పాలు నీకు. ఎవరం అమ్ముకోవాలన్నా ముందు రెండోవాళ్ళను అడగాలి. సరేనా?"

"సరేనండి," అంది మిషనావిడ.

"సరే అనకు తల్లీ!" బేరాలక్క తొడ చరుచుకుంది. "నేను మూడంటే నువ్వు రెండనాలి. కొంప మునిగినట్టు కేకలెయ్యాలి. నీ ఇల్లు! బేరమాడు!"

మిషనావిడ పెన్ను పక్కన పెట్టి, గుడ్డ అంచు మడతపెట్టింది. తర్వాత నెమ్మదిగా అంది. "ముందు గుమ్మంలో టైర్లు తీసేయాలి. నేనిక ఇనప మెట్లెక్కను, మా ఇంట్లోకి ముందునుంచే వస్తాను. మిషను కింద వీధి కిటికీ దగ్గర పెట్టుకుంటాను. దానికి అద్దె ఇవ్వను." ఊపిరి తీసుకుంది. "మీకు రెండు పాళ్ళే. నాకొకటి."

"అదీ! అలా ఉండాలి!" అని కేకేసింది బేరాలక్క. ఇంకో గంట ఇద్దరూ తెగ వాదించుకున్నారు. చివరికి మిషనావిడే నెగ్గింది. చెప్పానుగా, బేరాలక్కతో గెలిచినవాడు పుట్టలేదని. గెలిచినావిడ పుట్టింది మరి, ఆ వెనక గదిలోనే.

నెలాఖరులోపే అందరూ రిజిస్ట్రేషన్ ఆఫీసుకు చేరారు. లాయరమ్మ రాసిన ఒప్పందం దొంతరగా ఉంది. గుమాస్తా టైర్లాయన కాగితాలు చూస్తూ తలెత్తకుండానే అడిగాడు. "మేడలో ఇంకెవరైనా ఉంటున్నారా? ఈవిడెవరు, అద్దెకున్నావిడా?"

టైర్లాయన అక్క పక్కకు వచ్చి నిలబడ్డాడు. "మా అక్కండి," అన్నాడు, గదిలో అందరికీ వినపడేలా. "సగం ఇల్లు ఆవిడది."

మిషనావిడ కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. అయినా మాట తడబడనివ్వలేదు. తమ్ముడు పెన్ను తీయబోతుంటే చెయ్యి అడ్డం పెట్టి, తన కళ్ళజోడు తీసి వాడి చేతిలో పెట్టింది.

"చదివి పెట్టరా సంతకం," అంది. "నీళ్ళ కనెక్షనేమో చూసుకో."

వాడు ఏడుస్తూ, నవ్వుతూ, చివరి పేజీ దాకా చదివాడు.