రెండువేల పన్నెండు నాటి డాలరు

డాలర్లు చెల్లే గుయాకిల్ ఊళ్ళో పొద్దున్నే చేపల సూప్ తాగనివాడికి తెల్లారనట్టే. మరియుక్సి బజారు వరండాలో ఒక స్తంభం దగ్గర సూప్ గిన్నె దించి, ఉల్లిపాయలు తరుగుతూ అమ్మేది. వేలు తెగితే చిల్లర డబ్బాలోంచి బంగారు రంగు డాలరు బిళ్ళ ఒకటి తీసి, నెత్తురు మీద అద్దుకునేది. బిళ్ళ మీద ఏ సంవత్సరం ఉంటే, గాయమైన చోట ఒళ్ళు ఆ సంవత్సరం నాటిదైపోతుంది. బిళ్ళ మీద అంకె చెరిగిపోతుంది. ఊళ్ళో అందరూ చేసే వైద్యమే.

చిక్కల్లా ఒకటే. బజారులో తిరిగే బిళ్ళలన్నీ రెండువేల సంవత్సరానివి. పెద్దవాళ్ళకు భేషుగ్గా పనిచేస్తాయి. ఆ తర్వాత పుట్టినవాళ్ళకు అద్దితే ఆ చోట ఒళ్ళే ఉండదు. రెండువేల పన్నెండు నుంచి కొట్టినవేమో నాణేలు సేకరించేవాళ్ళకే తప్ప బజారు ముఖం చూడవు. పక్క స్తంభం దగ్గర పాత నాణేలమ్మే ఎలోయ్ దగ్గర అలాంటిది ఒక్కటుంది, ప్లాస్టిక్ డబ్బాలో. అరవై ఎనిమిదేళ్ళ ఆ పెద్దమనిషి దాన్ని ఎవరినీ ముట్టనిచ్చేవాడు కాదు.

"వేలిముద్ర పడితే విలువ మట్టిగొట్టుకుపోతుంది" అని కసిరేవాడు.

"ఆ డబ్బానే పెళ్ళాడలేకపోయారా ఎలోయ్ గారూ!" అనేది మరియుక్సి.

ఆ మంగళవారం ఆమె కూతురు దయనారా బల్లలు తుడుస్తుండగా విల్మర్ వచ్చాడు. నెల కిందట ఆ పిల్ల వదిలేసిన కుర్రాడు. ఇద్దరికీ ఇరవై దాటి ఎన్నాళ్ళో కాలేదు. వాడి చేతిలో చేపలు కోసే కత్తి ఉంది.

"వస్తావా, రావా?"

"రాను. నీ ముఖం చూపించొద్దన్నానా?"

కత్తి కడుపులో దిగింది. రెండో పోటుకు ఎత్తిన చేతిని మరియుక్సి పట్టుకుని, మణికట్టు నెత్తురొచ్చేలా కొరికి, చిల్లర ఇవ్వబోతూ గుప్పెట్లో పట్టుకున్న రెండువేల నాటి బిళ్ళను అక్కడే అదిమింది. మణికట్టు మాయమైంది. చెయ్యి కత్తితో సహా నేల మీద పడింది.

విల్మర్ గావుకేక పెట్టాడు. తన వేళ్ళలోంచే కత్తి ఊడలాక్కుని, ఎడం చేత్తో ఎలోయ్ గొంతు మీద పెట్టాడు.

"ఆ బిళ్ళ ఇయ్యి ముసలోడా! పిల్లాడి మణికట్టైనా సరే, నాకు కావాలి!"

మరియుక్సి కూతురి కడుపు అదిమిపట్టి కూలబడింది. వేళ్ళ సందుల్లోంచి నెత్తురు పొంగుతోంది. చేతులు తీస్తే పిల్ల దక్కదు.

"ఎలోయ్ గారూ, నా బిడ్డ!"

ఎలోయ్ డబ్బాను బల్లకేసి పగలగొట్టి బిళ్ళను ఆమె ఒళ్ళోకి విసిరాడు. అదే క్షణాన విల్మర్ ఆయన గొంతు కోశాడు. ఎలోయ్‌కేం, ఆయనకు సరిపడే సంవత్సరం ప్రతి జేబులోనూ ఉంది. సూప్ తాగుతున్న కూలీ ఒకడు లేచి, తన చిల్లరలోంచి ఒకటి తీసి ఆయన మెడకు అద్దాడు. మెడ మీద ముడతలు కూడా పోయాయి. ఇటు ఒళ్ళో పడ్డ బిళ్ళ అద్దగానే దయనారా పొట్ట ఎనిమిదేళ్ళ పిల్ల పొట్టై మూసుకుంది. మరియుక్సి దాన్ని తడిమి తడిమి ఏడ్చింది.

విల్మర్ స్తంభానికి ఆనుకుని జారిపోయాడు. మొండి చేతి నుంచి నెత్తురు ధార కట్టింది. ఎవరో తువ్వాలు చుట్టారు గానీ ఆగలేదు.

"అత్తా, ఇంకోటి చూడవా..."

మరియుక్సి చిల్లర డబ్బా నేల మీద బోర్లించింది. ఒక్కో బిళ్ళా ఎత్తి చూసింది.

"వెతుకుతున్నాన్రా చచ్చినోడా! కళ్ళు మూయకు."

అన్నీ రెండువేలే. ఆఖరిది కూడా చూసి తలెత్తేసరికి, ఆమె చెప్పినట్టే వాడు కళ్ళు మూయలేదు. ఆమే లేచి వెళ్ళి మూసింది.