నలభై అయిదు వేస్తే సరిపోయింది

సాయిదుర్గ భయమల్లా ఒక్కటే: తన బుర్రలోని మొద్దుతనం కూతురు హర్షితకి కూడా దిగిందేమోనని. మూడో తరగతి పిల్ల, తీసివేతలు ఎన్నిసార్లు చెప్పినా తప్పుతోంది. అత్త తలుపులమ్మ వల బాగుచేసుకుంటూ అననే అంది: "విత్తొకటేస్తే చెట్టొకటి మొలుస్తుందేంటే?"

ఆ మాట అబద్ధమని తేల్చడానికే సాయిదుర్గ ఓపెన్ స్కూల్లో పదో తరగతికి కట్టింది. తొమ్మిదిలో ఉండగా తల్లి మంచం పడితే చేపల గంప తను ఎత్తుకుంది. బడి అక్కడితో సరి. ఇప్పుడు మిగతావన్నీ గట్టెక్కాయి గాని, లెక్కలు రెండుసార్లు పోయాయి.

పొద్దున్నే చేపలు అమ్మేసి, చేతులకి నిమ్మచెక్క రుద్దుకుని, రాజోలులో వెంకటరాజు మాస్టారి దగ్గరికి లెక్కల ట్యూషన్‌కి బస్సెక్కేది. ఒకరోజు ఆయన బోర్డు మీద టాన్ థీటా, కాట్ థీటా కలిపితే సెక్ థీటా ఇంటూ కొసెక్ థీటా అవుతుందని రాసి, నిరూపించమన్నారు. అందరికన్నా ముందు సాయిదుర్గే లేచింది.

"నలభై అయిదు వేసి చూశానండి. అటూ రెండే, ఇటూ రెండే."

"ఒక్క కోణానికి సరిపోతే అన్నిటికీ సరిపోయినట్టేనా అమ్మా?"

"గంపలో ఒక్క చేప మొప్ప ఎత్తి చూస్తామండి. ఎర్రగా ఉంటే గంపంతా తాజానే. నేనెప్పుడూ మోసపోలేదండి."

వెనక బెంచీలోంచి దొరబాబు అందుకున్నాడు. "పేపరు దిద్దేవాళ్లకి పులుసెట్టి పంపక్కా, మార్కులవే పడతాయి!"

అందరూ నవ్వారు. మాస్టారు నవ్వలేదు. "సైన్, కాస్ ఎప్పుడూ సమానమే అని రాస్తే, నలభై అయిదుకి అదీ సరిపోతుంది. దాంట్లోనే ముప్ఫై వేసి చూడు."

వేసింది. సరిపోలేదు. నోట్సులో వేసిన నలభై అయిదు కొట్టేసింది.

"ఒక వైపు పట్టుకో. సైన్, కాస్‌ల్లోకి మార్చు. మెట్టు మెట్టుగా రెండో వైపుకి చేరు. థీటా ఎంతో తెలియకుండానే తేలాలి."

నెల్లాళ్లు పొయ్యి దగ్గర కూర్చుని అదే చేసింది. పక్కన హర్షిత గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసేది. "అమ్మా, నీకొచ్చేస్తే నాకూ వచ్చేస్తాయి కదా?"

పరీక్షలో అలాంటి లెక్కే వచ్చింది. రెండు మెట్లు రాసింది. మూడోదాని దగ్గర చెయ్యి ఆగిపోయింది. పది నిమిషాలే ఉంది. ఏమీ తోచక నలభై అయిదు వేసింది. సరిపోయింది. 'నిరూపించబడినది' అని రాసి కింద గీత కూడా గీసింది. బస్సెక్కాక గాని చేసిన పని తెలిసిరాలేదు.

బడులు తెరిచిన వారానికి ఫలితాలొచ్చాయి. పాసవడానికి మూడు మార్కులు తక్కువ. తలుపులమ్మ ఒక్క మాటా అనలేదు. అంటే బాగుండేదనిపించింది సాయిదుర్గకి.

మర్నాడు హర్షిత చాప మీంచి లేవలేదు.

"లేవవే, బెల్లు కొట్టేస్తారు."

"నీకే రాలేదుగా అమ్మా. ఇంక నాకెలా వస్తాయి?"

ఆ గొంతులో మారాం లేదు, ఏడుపు లేదు. సాయిదుర్గ కొట్టలేదు, బతిమాలలేదు. ఏం చెప్పి బతిమాలుతుంది? గంపెత్తుకుని రేవుకి పోయింది.

ఇది జరిగి నాలుగు రోజులు. అంతర్వేది వైపు వెళ్తే, వాళ్లూరు పల్లిపాలెం బడిలో నాలుగో తరగతి గదిలోకి ఒక్కసారి తొంగి చూడండి. హర్షిత అక్కడ లేకపోతే ఇంటికెళ్లి, ఆ పిల్ల ఏం చేస్తోందో కనుక్కోండి.