మూడో పేరు

“ఊరికే వచ్చి ఒకసారి వేలాడి పో అమ్మా, చాలు” అన్నాడు కోచ్ అర్కాదీ ల్వోవిచ్. ఆ మాటకే రెజెదాకి ఒళ్ళు మండింది.

నిజానికి ఆయన ఏ దురుద్దేశంతోనూ అనలేదు. మియాస్ ఊళ్ళో నడుముకి ఇనుప బిళ్ళలు వేలాడదీసుకుని కడ్డీ పట్టుకుని ఒంటిని పైకి లాగే మగవాళ్ళు కావలసినంతమంది. ప్రతి భవనం వెనకా తివాచీలు దులిపే చోట ఒక కడ్డీ ఉంటుంది, దాని కింద నలుగురు కుర్రాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆడవాళ్ళు మాత్రం భూతద్దం పెట్టి వెతికినా దొరకరు. పోటీ నియమమేమో మొండిది. ఒక బరువు విభాగంలో కనీసం ముగ్గురు ఆడవాళ్ళు తలా ఒక్క లాగుడైనా చెల్లేలా లాగాలి. లేకపోతే ఆ విభాగంలో ఎవరికీ ఏ గ్రేడూ రాదు. ఎంత బరువు లాగినా చప్పట్లే మిగులుతాయి.

ఆ గ్రేడు కావలసింది ఉస్తీన్యాకి. అందరూ ఉస్త్యా అని పిలిచే ఈ పంతొమ్మిదేళ్ళ పిల్ల యాభై కిలోలు కట్టుకుని గడ్డం కడ్డీ దాటిస్తే, మాస్టర్‌కి ఒక మెట్టు కింద ఉండే కాండిడేట్ గ్రేడు వస్తుంది, దాంతో పాటు ప్రాంతీయ జట్టులో చోటు కూడా. విభాగంలో ఉన్నది తనూ, పక్కూరు జ్లతౌస్త్ నుంచి వచ్చే ల్యుబావా. ముగ్గురు అవ్వాలంటే ఇంకొకరు కావాలి. కోచ్ కన్ను రెజెదా మీద పడింది.

రెజెదా ట్రాలీబస్ నడుపుతుంది. వయసు నలభైకి దగ్గర పడుతోంది. రోజంతా కూర్చుని కూర్చుని నడుం పట్టేస్తోందని, డ్యూటీ దిగాక తమ భవనం వెనక కడ్డీ పట్టుకుని వేలాడడం మొదలుపెట్టింది. మొదట్లో కుర్రాళ్ళు నవ్వారు. రెండో చలికాలానికి నవ్వు మానేసి జరిగి చోటిచ్చారు. అలాంటి మనిషిని పట్టుకుని ఊరికే వేలాడి పొమ్మంటే ఎలా ఉంటుంది?

“వరస నిండడానికి వేసే పీటలా కనిపిస్తున్నానా మీకు?” అని ఆయన మొహం మీదే అడిగేసింది.

“అబ్బే, అలా కాదమ్మా. అయిదు కిలోలు కట్టుకో, హాయిగా లాగు, టీ తాగు. పిల్లకి పనవుతుంది.”

రెజెదా పైకి తలాడించింది. పోటీ రోజు పొద్దున బరువు తూచే బల్ల దగ్గర మొదటి బరువెంత అని అడిగితే మాత్రం, కోచ్ పక్కన లేడు కదా అని, ఇరవై అయిదు అని చెప్పేసింది. ఇరవై అయిదు లాగితే తనకూ మూడో గ్రేడు వస్తుంది. భవనం వెనక అంత బరువు ఎన్నోసార్లు లాగింది. భయమెందుకు?

భయపడవలసిన సంగతి ఒకటి ఉంది. ఈ పోటీలో ఒకసారి చెప్పిన బరువు పెంచుకోవచ్చు గానీ తగ్గించుకోవడం కుదరదు. అవకాశాలు మూడే. ఆ సంగతి రెజెదాకి తెలుసు. తెలిసే చెప్పింది, పంతం అలాంటిది.

ఫ్యాక్టరీవాళ్ళ స్పోర్ట్స్ హాలు కిక్కిరిసి ఉంది. తక్కువ బరువు చెప్పినవాళ్ళు ముందు లాగాలి కాబట్టి ఆడవాళ్ళలో మొదటి పేరు రెజెదాదే. చేతులకి సుద్దపొడి పూసుకుంది, నడుం పట్టీకి గొలుసుతో బిళ్ళలు తగిలించుకుంది, పెట్టె ఎక్కి కడ్డీ అందుకుని వేలాడింది. జడ్జి చెయ్యి దించాడు. లాగింది. ఎంత తేలిగ్గా వెళ్ళిందో తనకే ఆశ్చర్యమేసింది. గడ్డం కడ్డీ దాటింది, దిగింది, పట్టీ విప్పుకుని జనానికి తలవంచి నమస్కారం కూడా పెట్టింది.

వెనక మూడు ఎర్రదీపాలు వెలిగాయి, ముగ్గురు జడ్జీలూ చెల్లదన్నట్టు.

“పైన ఆగి నేను ‘కిందికి’ అనేదాకా ఉండాలండీ” అన్నాడు జడ్జి, పాపం మర్యాదగానే.

భవనం వెనక ఆగడం అనే మాటే లేదు. అక్కడ గడ్డం తగలగానే దూకేయాలి, వెనక నలుగురు కాచుకుని ఉంటారు. ఒంటికి పట్టిన అలవాటు అంత తేలిగ్గా వదులుతుందా? పెట్టిన నమస్కారం గుర్తొచ్చి రెజెదాకి తల కొట్టేసినట్టయింది.

అర్కాదీ ల్వోవిచ్ తెర వెనక ఎదురొచ్చాడు. “ఇరవై అయిదు ఎవరు పెట్టమన్నారు నిన్ను?”

“నేనే పెట్టుకున్నాను.”

“బాగుంది. పిల్ల నెత్తిన కూర్చున్నావు” అని ఆయన పక్కకి తిరిగి విత్తనాలు నమలడం మొదలుపెట్టాడు. కోపమొస్తే ఆయన పొద్దుతిరుగుడు గింజల పొట్లం ఖాళీ అయ్యేదాకా మాట్లాడడు.

ల్యుబావా లాగింది, ఉస్త్యా నలభై అవలీలగా లాగింది. రెండో విడతలో రెజెదా మళ్ళీ వచ్చింది. ఈసారి పైన ఆగాలి, ఆగాలి అనుకుంటూ లాగింది. ఆ ధ్యాసలో మోకాళ్ళు ఎప్పుడు ముడుచుకున్నాయో తెలియలేదు. పైన ఆగింది, ‘కిందికి’ అన్నాక దిగింది, అంతా పద్ధతిగానే చేసింది. దీపాలు మాత్రం మళ్ళీ ఎర్రవే. కాళ్ళు ముడిచినా తన్నినా చెల్లదు.

ఇంక రెజెదాకి ఒక్క అవకాశమే మిగిలింది. అది పోతే తన మూడో గ్రేడు గంగలో కలిసినా ఫరవాలేదు, ఆ పిల్ల యాభై కాదు ఎనభై లాగినా లెక్కలోకి రాదు. దీనికంతటికీ కారణం తన నోరు. అయిదు కిలోలు అని ఉంటే ఈపాటికి టీ తాగుతూ ఉండేది కదా. తన మీద తనకే అసహ్యమేసింది.

ఉస్త్యా నలభై అయిదు లాగి వచ్చింది. మొహంలో సంతోషమేమీ లేదు. తిన్నగా రెజెదా ముందుకొచ్చి నిలబడింది.

“తిట్టు” అంది రెజెదా.

“తర్వాత తిడతాను. ఇప్పుడు టైము లేదు. పద అక్కా, కడ్డీ పట్టుకో.”

సన్నాహాల కోసం పెట్టిన కడ్డీకి రెజెదాని వేలాడదీసి, తన ఉన్ని చేతితొడుగు ఒకటి తీసి ఆమె రెండు పాదాల మధ్య ఇరికించింది. “ఇది పడకుండా లాగు. బరువేమీ వద్దు.”

తొడుగు పడింది. మళ్ళీ ఇరికించింది. మళ్ళీ పడింది.

“నా మెడ అనుకుని నొక్కు అక్కా. ఎలాగూ దాన్నే నొక్కుతున్నావు.”

ఏడుపొచ్చే సమయంలో రెజెదాకి నవ్వొచ్చింది. మూడోసారి తొడుగు పడలేదు.

అర్కాదీ ల్వోవిచ్ పొట్లం మడిచి జేబులో పెట్టుకున్నాడు. దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. “చూడమ్మా. స్టాపులో ముసలావిడ రెండు సంచులతో ఎక్కుతోంది. తలుపు మూసేస్తావా?”

“ఎందుకు మూస్తాను?”

“వెనక కార్లు హారన్లు కొడుతున్నాయి.”

“కొట్టుకోనీ.”

“అంతే. పైకెక్కాక అలాగే ఉండు. ఆవిడలా ఎక్కుతూనే ఉందనుకో.”

మైకులో తన పేరు వినబడగానే రెజెదా లేచింది. ఇప్పుడామెలో కోపం లేదు, పంతమూ లేదు. చేసిన తప్పు చేతులతోనే దిద్దుకోవాలన్న ఒక్క మొండి పట్టుదల మిగిలింది. పెట్టె ఎక్కింది. వేలాడింది. పాదాలు రెండూ ఒకదానికొకటి నొక్కిపట్టింది. బిళ్ళలు ఊగడం మానేదాకా కాచుకుంది.

జడ్జి చెయ్యి దిగింది.

రెండుసార్లు లాగిన చేతుల్లో మొదటిసారి ఉన్నంత బలం ఎక్కడుంటుంది? సగం దాకా వెళ్ళి ఆగిపోయింది. హాల్లో ఎవరో “అయిపోయింది” అన్నారు. కాళ్ళొక్కసారి విదిలిస్తే చాలు, పైకి వెళ్ళిపోతుంది. ఒళ్ళంతా అదే అడుగుతోంది. రెజెదా విదల్చలేదు. పళ్ళు బిగించి మోచేతులని పక్కటెముకల్లోకి గుచ్చుకుంటున్నట్టు లాగింది. వేలెడు, ఇంకో వేలెడు. గడ్డం కడ్డీ మీదికి వచ్చింది.

ఆగింది. జడ్జి నోరు విప్పడేమిటి? ముసలావిడ ఎక్కుతూనే ఉంది, సంచి ఒకటి మెట్టుకి తగులుకుంది, పోనీ, ఎక్కనీ.

“కిందికి.”

దిగి కూడా ఆమె వెనక్కి తిరగలేదు. తిరిగే ధైర్యం లేదు. ఉస్త్యా అరుపు విన్నాకే చూసింది. రెండు తెల్లదీపాలు, ఒక ఎర్రది. చెల్లింది. రెజెదా పెట్టె మీదే కూలబడి చిన్నపిల్లలా ఏడ్చింది. ఆ పట్టీ విప్పడానికి ఇద్దరు రావలసి వచ్చింది.

ల్యుబావా ముగించింది. ఇంక మిగిలింది ఉస్త్యా, యాభై కిలోలు. రెజెదా తెర పక్కన నిలబడి చూసింది. పిల్ల ఎక్కడా తొణకలేదు. నుదురు కడ్డీ దాకా వచ్చింది, ముక్కు వచ్చింది, అక్కడ ఆగిపోయింది. చాలాసేపు అలాగే ఉండి, కాళ్ళు కదపకుండా, మెల్లగా కిందికి జారింది. మూడు ఎర్రదీపాలు.

హాలంతా అయ్యో అంది. రెజెదా గబగబా పిల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ తొడుగూ ఆ తంటా లేకుండా, పిల్ల తన విడతల మధ్య కాసేపు కూర్చుని ఉంటే లాగేసేదేమో. ఆ మాటే అంది. “నా వల్లే ఉస్త్యా. నీ ఓపికంతా నా మీద పోశావు.”

ఉస్త్యా గోడకి ఆనుకుని కూర్చుని చేతుల సుద్ద దులుపుకుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి గానీ గొంతు గట్టిగానే ఉంది.

“కాదక్కా. నువ్వు లాగలేకపోయి ఉంటే జన్మంతా నీ మీద తోసేసి బతికేసేదాన్ని. లాగగలిగేదాన్నే, ఆవిడ చెడగొట్టింది అని ఊరంతా చెప్పుకునేదాన్ని. నువ్వు లాగేశావు. ఇప్పుడు ఎవరి మీదా వెయ్యడానికి లేదు. ఎంత తక్కువ పడ్డానో నాకు తెలిసింది. ముక్కు నుంచి గడ్డం దాకా.”

రెజెదా పక్కనే చతికిలబడింది. మైకులో ఫలితాలు చదువుతున్నారు. ముగ్గురూ పూర్తిచేశారు కాబట్టి మహిళల విభాగం చెల్లింది, రెజెదా గలీమొవాకి మూడో గ్రేడు. చప్పట్లు కొట్టినవాళ్ళలో అందరికంటే గట్టిగా కొట్టింది ఉస్త్యాయే.

“మార్చిలో మళ్ళీ పోటీ ఉంది” అంది రెజెదా చివరికి. “ముగ్గురు కావాలి.”

“వస్తావా?”

“అడుగుతావేమిటి? నువ్వెంత పెడతావు?”

“యాభై. నువ్వు అయిదు పెట్టు.”

“ముప్పై.”

“మళ్ళీ మొదలు. ఇరవై అక్కా, నా మాట విను.”

ఇద్దరూ గోడకి ఆనుకునే బేరమాడుకున్నారు. అర్కాదీ ల్వోవిచ్ టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చి వాళ్ళ ముందు నిలబడ్డా పట్టించుకోలేదు. ఇరవై రెండున్నర దగ్గర బేరం తెగింది.