రాత్రి కూడా తియ్యక్కర్లేదు

పళ్ళసెట్లు కట్టే ఆయన్ని వీధిలో అందరూ పళ్ళాయన అనే అంటారు. ముప్ఫై ఏళ్ళుగా అదే పని. మైనంలో పళ్ళు పేర్చడం, చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ పోయడం, అంచులు నున్నగా అరగదీయడం. తన చేతికి తిరుగు లేదని ఆయనకు గట్టి నమ్మకం. ఆ సంగతి రోజుకు నలుగురికైనా చెప్పకపోతే ఆయనకు అన్నం సహించదు.

సెట్టు తీసుకెళ్ళే ప్రతివాళ్ళకూ ఒకటే పాఠం అప్పజెబుతాడు. "రాత్రి పడుకునేముందు తీసి, శుభ్రంగా తోమి, నీళ్ళలో వెయ్యండి. చిగుళ్ళకి కాస్త గాలాడాలి." ఆ పాఠం అందనిది ఒక్క మనిషికే. సొంత అక్కకు. కొత్త పళ్ళు పెట్టుకుని ఆవిడ అద్దంలో చూసుకుంటూ మురిసిపోతుంటే ఈయనకు ఒళ్ళు తెలియలేదు.

"ఎలా కుదిరిందో చూశావా అక్కా! రాత్రి కూడా తియ్యక్కర్లేదు. నా చేతిపని మరి!" అనేశాడు.

అక్కకు తమ్ముడి మాటంటే మాటే. ఏడాదిన్నరపాటు తియ్యలేదు.

మొదట ఆవిడ నవ్వడం మానేసింది. తర్వాత మాటలు తగ్గాయి. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేది. గంటల తరబడి గోడకేసి చూస్తూ కూర్చునేది. ఎవరైనా దగ్గరకొస్తే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. వయసు మీద పడిందని కూతురు సరిపెట్టుకుంది. పళ్ళాయన మాత్రం ఆ నోటి వాసనకు ఓసారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. అది అక్క చూసిందని తెలిసి కూడా ఊరుకున్నాడు. ఊళ్ళోవాళ్ళ నోళ్ళన్నీ చూసినవాడు ఆ ఒక్క నోరూ తెరిపించలేదు. తెరిపిస్తే తప్పు ఎవరిదో తేలిపోతుందని లోలోపల తెలుసు.

చివరికి కూతురు తల్లిని మనసు డాక్టరు దగ్గరకు తీసుకెళ్తూ మేనమామనూ వెంటబెట్టుకుంది. డాక్టరమ్మ చాలాసేపు ఓపిగ్గా ప్రశ్నలడిగి, బతిమాలి నోరు తెరిపించి, సెట్టు తీయించింది. పైచిగురంతా ఎర్రగా పుండై ఉంది. సెట్టు లోపలివైపు పాచి దట్టంగా గారకట్టింది.

"నోట్లో పెరిగే బ్యాక్టీరియాకీ, మెదడుకీ, మనసుకీ ఏదో సంబంధం ఉండొచ్చంటున్నారు. ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. ఇదే కారణమని నేను చెప్పలేను. కానీ చూడకుండా వదలకూడదు," అంది డాక్టరమ్మ. "రాత్రుళ్ళు తీసేవారామ్మా?"

అక్క ఓసారి తమ్ముడి వైపు చూసి, తీసేదాన్నన్నట్టు తలూపింది.

"అయితే సరిగ్గా తోమకపోవడంవల్ల ఈ పుండు ఈమధ్యే పడుంటుంది. ముందు మనసుకి మందులు మొదలుపెడదాం. నోటి సంగతి తర్వాత చూద్దాం," అంటూ డాక్టరమ్మ కలం అందుకుంది.

నోరు మెదపకపోతే పళ్ళాయన పరువు దక్కుతుంది. అక్క నోరు మాత్రం అలాగే పుండుతో మిగిలిపోతుంది. అది తెలిసీ ఆయన చీటీ మీద రెండు మందుల పేర్లు పడేదాకా నోరు మూసుకునే కూర్చున్నాడు. ఆ కాసేపటిని తలుచుకుంటే ఆయనకు ఇప్పటికీ తల ఎత్తబుద్ధి కాదు.

"తియ్యలేదండీ," అన్నాడు ఎట్టకేలకు. "ఏడాదిన్నరగా ఒక్క రాత్రి కూడా తియ్యలేదు. తియ్యక్కర్లేదని చెప్పింది నేనే. గొప్పకి పోయి వాగాను. వాసనొస్తున్నా అడగలేదు."

"మావయ్యా! రోజూ అందరికీ చెప్తావు కదా నువ్వు! మా అమ్మ ఒక్కత్తే పరాయిదైపోయిందా?" అంది మేనకోడలు.

డాక్టరమ్మ రాసిన చీటీ చింపేసి కొత్తది తీసుకుంది. పళ్ళాయనకు సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. భూమిలోకి కుంగిపోతే బాగుండునని తల వేలాడేశాడు.

అప్పుడు అక్క, బోసినోటికి అడ్డం పెట్టుకున్న చెయ్యి తీసేసి, కూతురితో తడబడుతూ అంది:

"వాణ్ణేం అనకే. పాపం, ఎంత ముచ్చటపడి చేశాడో!"

ఎన్ని నెలల తర్వాతో ఆవిడ పూర్తిగా పలికిన మాట అది. దానికి బదులు నాలుగు తిట్లు తిట్టి ఉంటే పళ్ళాయన బతికిపోయేవాడు.